కొలత తప్పిన కోటు

పోయిన వారం కథ మధ్యలో మిమ్మల్ని మా ఇంటి వెనక గేటు దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. లారీ వచ్చింది, నల్లటి రబ్బరు చాపలు, ఇనప చక్రాలు, గోడంత అద్దం దించింది. అవన్నీ నా కళ్ళముందే మా సెల్లారులోకి వెళ్ళాయి. ఏ సెల్లారంటారా? "మార్కెట్లో ఆ అద్దె కొట్టులో ఎన్నాళ్ళే అవస్థ, వచ్చే ఏడాదికి కింద సెల్లారు బాగు చేయించి నీ మిషన్లు అక్కడ పెట్టిస్తా" అని మా అత్తయ్య తన నోటితో నాకు మాటిచ్చిన సెల్లారు. ఇప్పుడది జిమ్ము. మా తోడికోడలు ముచ్చటపడిందట, అత్తయ్య సరేనందట, లిఫ్టు మెకానిక్కయిన మా ఆయన నట్లు బిగించడానికి స్పానర్లు పట్టుకుని పరిగెత్తాడట. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. చచ్చినా ఆ మెట్లు దిగనని నేను గేటు పట్టుకుని ఒట్టేశాను.

ఒట్టు పదకొండు రోజులు నిలిచింది.

పన్నెండో రోజు మా కొట్టుకి సెలవు. చలి మొదలవుతోంది కదా అని బీరువాలోంచి అత్తయ్య ఉన్ని కోటు తీసి, ఎండలో దులిపి, "ఒకసారి వేసుకు చూడండి అత్తయ్యా, బొత్తాలేమైనా వదులయ్యాయేమో" అన్నాను. పోయిన చలికాలం నేను కుట్టిన కోటు అది. అత్తయ్య కుడిచెయ్యి దూర్చింది. మోచెయ్యి దాటాక చెయ్యి ఆగిపోయింది.

"లాగు" అంది.

లాగాను. చంక దగ్గర కుట్టు టప్పుమంది.

నేను కత్తెర పట్టి ఇరవై రెండేళ్ళయింది. మనిషి వీధి మలుపులో కనిపిస్తే చాలు, భుజాలెంతో చెప్పగలను. అలాంటిది తొమ్మిదేళ్ళుగా నా చేతి బట్ట తప్ప ఇంకోటి తొడగని మనిషికి చెయ్యి పట్టని కోటు కుట్టానా? నాకు తల కొట్టేసినట్టయింది. టేపు ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది. తీసి అత్తయ్య దండచేతికి చుట్టాను. పదకొండున్నర ఉండాలి. పన్నెండూ పావు ఉంది. అనుమానమొచ్చి నడుం కూడా చూశాను. రెండంగుళాలు తగ్గింది. అరవై ఒకటో ఏట ఎవరికైనా నడుం పెరిగి చేతులు వేలాడతాయి. ఈవిడకి అంతా తలకిందులయింది.

"ఉతికితే ముడుచుకుపోయిందేమోలేవే" అంది అత్తయ్య, గోడకేసి చూస్తూ.

"ఉన్నికోటు ఎవరైనా ఉతుకుతారా అత్తయ్యా? దులిపానంతే."

"అయితే వయసు. వయసొచ్చాక ఒళ్ళు మన మాట వింటుందేంటి?"

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో హెడ్‌సెట్టు పెట్టుకుని కూర్చున్న మనిషి. అబద్ధం చెప్పేటప్పుడు కూడా గొంతు ఒక్క పిసరు వణకదు. కానీ నేను వేళ్ళతో దండ నొక్కి చూశాను. మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా తగిలింది. అత్తయ్య చెయ్యి లాక్కుని, "నేనలా కిందికెళ్ళొస్తా, చిన్నది ఏదో చూడమంది" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కోటు నా ఒళ్ళో ఉండిపోయింది.

చిన్నది అంటే మా తోడికోడలే. మా మరిదిని చేసుకుని రెండేళ్ళ కిందట వచ్చింది, మేడ మీద ఉంటారు. పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళని మళ్ళీ నడిపించడం దాని ఉద్యోగం. మంచి ఉద్యోగమే, నేను కాదనను. కానీ వచ్చిన నెలకే అత్తయ్యని "అమ్మా" అంది. ఆర్నెల్లకి "నువ్వు" అనేసింది! నేనొచ్చి తొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ "మీరు" దగ్గరే ఆగిపోయాను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

ఈ అయిదు నెలలుగా ఇంకో వింత. మధ్యాహ్నం భోజనానికి నేను కొట్టు నుంచి వచ్చేసరికి అత్తయ్య మేడ దిగుతూ ఉంటుంది. "పైన టీవీ చూసొస్తున్నానే" అంటుంది. కింది టీవీకి ఏం రోగం? మొహం ఎర్రగా, జుట్టు చెమటకి అంటుకుపోయి, పెదాల మీద ఏదో నవ్వు. ఆ నవ్వు తొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారి తెప్పించలేకపోయాను. మోకాళ్ళకి నూనె రాసింది నేను. కళ్ళ ఆపరేషనప్పుడు గంటకోసారి చుక్కలు వేసింది నేను. బకెట్టు ముట్టుకోబోతే చేతిలోంచి లాక్కున్నది నేను. నవ్వు మాత్రం చిన్నదానికి. కడుపు మండదా అండీ? మండింది. దాచుకోవడం ఎందుకు?

"మొగుడి కోసం కుళ్ళుకునే ఆడవాళ్ళని చూశాను కానీ అత్తగారి కోసం కుళ్ళుకునేదాన్ని నిన్నే చూస్తున్నా" అని మా ఆయన నవ్వాడు. ఆ రాత్రి ఆయనకి నేను కూర వడ్డించలేదు.

సరే, కోటు ఒళ్ళో పెట్టుకుని విప్పదీద్దామా, చెయ్యి కొత్తది వేద్దామా అని చూస్తూ కూర్చున్నాను. కింద నుంచి ధబ్‌మని చప్పుడు. కాసేపాగి మళ్ళీ ధబ్. దాని వెనకే చిన్నదాని గొంతు: "ఇంకోటి! ఇంకొక్కటి అమ్మా! నాకు తెలుసు నీ వల్ల అవుతుంది!" దాని వెనక అత్తయ్య నవ్వు. మామూలు నవ్వు కాదు, ఊపిరందక ఎగపోస్తూ నవ్వే నవ్వు.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, టేపు మెడలోనే ఉండగా, మెట్లు దిగాను.

ఒకప్పుడు ఆ సెల్లారు ఎలా ఉండేదో నాకు తెలుసు. విరిగిన కుర్చీలు, గట్టిపడ్డ రంగు డబ్బాలు, చెమ్మ వాసన. ఇప్పుడు గోడలకి తెల్ల సున్నం. నేలంతా నల్ల రబ్బరు చాపలు, ఒకదాని పళ్ళలో ఒకటి ఇరికించి పరిచారు, అడుగేస్తే చప్పుడు లేదు. ఓ మూల కదలని సైకిలు. గోడ పొడవునా అద్దం. ఆ అద్దం ముందు నిలబడి ఒక్క క్షణం నా ఖాతాదారులు అటూ ఇటూ తిరిగి చూసుకుంటున్నట్టు ఊహించుకున్నాను. గుండెలో ఎవరో సూది దింపినట్టయింది. వెనక తలుపు తీసి ఉంది. ఆ వైపు వీధి పల్లం కాబట్టి మెట్లు లేకుండా నేరుగా రోడ్డు మీదికే వెళ్ళొచ్చు. అక్కడే నేను బోర్డు పెడదామనుకున్నాను. గదికి నడిమధ్యన రెండు పొడుగాటి ఇనప కమ్మీలు, నేలకి బిగించి. గోడ మీద బొగ్గుముక్కతో నలభై రెండు అని రాసి, చుట్టూ సున్నా చుట్టారు.

అత్తయ్య ఒక స్టూలు ముందు నిలబడి ఉంది. ఒంటి మీద బజార్లో కొన్న నల్ల ప్యాంటు! నా కోడలు కుట్టంది ముట్టనని ఊరంతా చెప్పుకునే మనిషి! స్టూలు మీద మనిషి మొండెమంత ఇసక సంచీ.

"నడుం వంచకు, మోకాళ్ళు వంచు" అంటోంది చిన్నది. "దగ్గరికి హత్తుకో. దూరంగా పట్టుకుంటే నీ వెన్ను పోతుంది. ఆఁ, లే ఇప్పుడు!"

అత్తయ్య సంచీని కావలించుకుని లేపింది. అడుగు మార్చి, తిరిగి, పక్కనున్న కుర్చీలో దించింది. ధబ్. నెమ్మదిగా, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా. నడుం తిన్నగా చేసుకుని అద్దంలోకి చూసింది. నేను కనిపించాను.

నిజం చెప్పొద్దూ, నాకప్పుడు అత్తయ్య బరువెత్తడం కూడా తర్వాతే తోచింది. నా కళ్ళు ముందు సంచీ మీద పడ్డాయి. పురికొసతో కుట్టారు. ఒక కుట్టు అంగుళం, ఇంకోటి అరంగుళం, అంచు మడవకుండా. చూస్తేనే ఒళ్ళు జలదరించే కుట్టు.

"ఆ సంచీ ఎవరు కుట్టారు?" అన్నాను.

"అక్కా, నువ్వు కూర్చో, నేను చెప్తా..." అంది చిన్నది.

"నిన్నడగలేదు. ఇంట్లో దర్జీని నేనుండగా, రెండు మిషన్లు పెట్టుకుని నేను బతికుండగా, నా ఇంటి సంచీ బయటివాళ్ళతో కుట్టిస్తారా? సెల్లారు తీసుకున్నారు, సరే. మా ఆయన్ని పనికి పెట్టుకున్నారు, సరే. ఆఖరికి సంచీ కూడానా?"

"ఒసేయ్, అరవకు" అంది అత్తయ్య.

"అరుస్తాను! తొమ్మిదేళ్ళు అరవలేదు కాబట్టే ఇలా అయింది. కోటు చేతులు పట్టకపోతే నా కొలత తప్పిందని నేను తల బాదుకుంటున్నాను. వయసట! అయిదు నెలలుగా మేడ మీద టీవీ అట! మీరిద్దరూ ఒకటయిపోయి నన్ను వెర్రిదాన్ని చేశారు. నేనేం తక్కువ చేశానత్తయ్యా మీకు? అది అమ్మా అనగానే కరిగిపోయారే, నా పిలుపులో తేనె లేదా?"

చిన్నది మొహం చిన్నబుచ్చుకుంది. నాకు బాగానే అనిపించింది, అబద్ధమెందుకు. అత్తయ్య మాత్రం నా వైపు అడుగేయబోయి ఆసరాకని సంచీ మీద చెయ్యి వేసింది. అంతే. అంచు మడవని కుట్టు ఆగుతుందా? పక్క మొత్తం చర్రున విచ్చుకుంది. ఇసక కుర్చీ మీంచి జారి, నల్ల చాపల మీద కుప్పగా పడింది.

ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం.

"దబ్బనముందా?" అన్నాను నేనే.

ఉంది, కిటికీ గట్టు మీద. పక్కనే పురికొస ఉండ. నేలమీద చతికిలబడి సంచీ ఒళ్ళోకి లాక్కుని, ఆ పిచ్చికుట్లన్నీ తెంపేసి, అంచు రెండు మడతలు వేసి మొదలుపెట్టాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. చిన్నది చేట తెచ్చి ఇసక ఎత్తడం మొదలుపెట్టింది. అత్తయ్య మోకాళ్ళు పట్టుకోకుండా, గోడ పట్టుకోకుండా, నా పక్కన కిందికి కూర్చుంది. మోకాళ్ళకి నూనె రాసిన చేతులకి ఆ కూర్చోవడం ఎంత పెద్ద విషయమో తెలుసు.

"నేనే కుట్టానే దాన్ని" అంది.

"మీరా? మీకు బొత్తాం కుట్టుకోవడం కూడా రాదు కదా!"

"అందుకే ఊడింది."

"నన్నడిగితే కుట్టనా?"

"కుడతావు. దేనికని అడుగుతావు. చెప్తే, మీరెందుకు అత్తయ్యా, నేనెత్తుతాను అంటావు. నేను ఎత్తాలే. నేనే ఎత్తాలి."

"ఎవర్ని?"

అత్తయ్య గోడ మీది నలభై రెండు వైపు చూసింది.

"మా అక్కని" అంది. "తోడబుట్టిన అక్క కాదు. చిన్నదానికి నువ్వెలాగో, నాకు ఆవిడ అలాగ. మా బావగారి భార్య."

మా ఆయనకి పెద్దమ్మ ఒకావిడ ఉండేదని పెళ్ళయిన కొత్తలో విన్నాను. ఆ మాటెత్తితే అత్తయ్య లేచి గది తలుపేసుకునేది. తర్వాత ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. పోయిందేమో అనుకున్నాను.

"ముప్పై ఏళ్ళ కిందట ఈ సెల్లారు ఆవిడదే" అంది అత్తయ్య. "పుస్తకాలకి అట్టలు కట్టేది. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే పుస్తకాలు నొక్కే పెద్ద ఇనప ప్రెస్సు ఉండేది. కాలేజీలవాళ్ళు, కోర్టువాళ్ళు ఈ తలుపు ముందు బారు తీరేవాళ్ళు. మా అత్తగారు ఆవిడ పనితనం చూసి మురిసిపోయేది. వచ్చినవాళ్ళందరికీ చూపించేది. నేను ఆఫీసు నుంచి వచ్చి కాఫీ కలిపిచ్చినా పక్కన పెట్టి, 'పెద్దది ఇవాళ ఎంత బాగా కట్టిందో చూశావా' అనేది. నాకు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టుండేది."

నేను కుట్టడం ఆపి తలెత్తాను. అత్తయ్య నా వైపు చూడలేదు.

"ఆవిడ ఏదో పెళ్ళికని రెండు రోజులు ఊరెళ్ళింది. ఇల్లు ఇరుగ్గా ఉంది, పిల్లలు ఆడుకోవడానికి చోటు లేదు అని మా అత్తగారి చెవిలో పోరి, తాళంచెవి తీసుకున్నాను. పాత ఇనుమువాణ్ణి పిలిచి ప్రెస్సు ఎత్తించేశాను. ఆవిడొచ్చి చూసింది. నన్ను ఒక్క మాటనలేదు. అనుంటే బాగుండేది. ఆ సాయంత్రమే బావగారితో కలిసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు."

పదకొండు రోజులుగా నేను మనసులో చేసిన పనులన్నీ ఈవిడ ముప్పై ఏళ్ళ కిందట చేతులతో చేసేసింది. చిన్నదాని అద్దం మీదికి సుత్తి విసిరినట్టు నేనెన్నిసార్లు ఊహించుకున్నానో నాకు తెలుసు.

మిగతాది చిన్నది చెప్పింది. ఎనిమిది నెలల కిందట దాని వార్డులోకి పక్షవాతం వచ్చిన పెద్దావిణ్ణి తీసుకొచ్చారు. భర్త లేడు, పిల్లలు లేరు. మూడు నెలలకి మాట కాస్త తిరిగింది. కాగితాల్లో రాయడానికి ఇంటి చిరునామా అడిగితే, తడుముకోకుండా మా ఇంటి చిరునామా చెప్పింది.

"నా చేతిలో పెన్ను ఆగిపోయిందక్కా. అది నేనుండే ఇల్లు! ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, ఆ రోజంతా అన్నం తినలేదు. మర్నాడు పైకొచ్చి, 'మనిషిని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తడం నాకు నేర్పించు' అంది. ఆవిడ బరువు నలభై రెండు. మొదటి రోజు అమ్మ ఎనిమిది కిలోలు ఎత్తలేకపోయింది. ఇవాళ ఈ సంచీ నలభై."

"బయటికి పంపింది నేను" అంది అత్తయ్య. "లోపలికి తెచ్చేదీ నేనే. నీకు సెల్లారు ఇస్తానన్నాను, నిజమే. కానీ ఇవ్వడానికి అది నాది కాదే. ఆ మాట నీతో చెప్పాలంటే ఈ కథంతా చెప్పాలి. చెప్తే నీ కళ్ళలో నేనేమైపోతానో అని భయపడ్డాను. చాలా?"

"దానికి చెప్పారుగా" అన్నాను. ఏం చేయను, నోరు ఊరుకోదు.

"దానికి నా మీద జాలి లేదు. ఏడ్చినా ఇంకోటి ఎత్తు అంటుంది. నువ్వు నేను బకెట్టు ముట్టుకుంటే ఏడుస్తావు. నీ దగ్గర నేర్చుకుంటే ఈ జన్మకి మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తేదాన్ని కాదు."

చిన్నది ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కుట్టు చివరికొచ్చింది. పురికొస పళ్ళతో కొరికి ముడి వేస్తుంటే అత్తయ్య నా తల మీద చెయ్యి వేసింది.

"ఒక్కటి విను. ఈ వీధిలో ఏ కోడలైనా బయట నలుగురి దగ్గర అత్త మీద నాలుగు మాటలు చెప్పుకుంటుంది. నేనూ చెప్పుకున్నాను నా రోజుల్లో. నా గురించి బయట ఒక్క మాట పొక్కనివ్వనిదానివి నువ్వొక్కదానివే. అది నాకు తెలుసు. నా కోడళ్ళిద్దరిలో నా గుట్టు నీ దగ్గరే భద్రం."

ఆహా! తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట. అదీ చిన్నదాని ముందు! అద్దంలో దాని మొహం ఎలా ఉందో ఓ కంట చూసుకున్నాను. నేనంతటితో లేచి పైకెళ్ళిపోయి ఉంటే ఈ కథ సుఖంగా ముగిసేది. కానీ గెలిచినదాన్ని గెలిచినట్టు ఊరుకోకుండా, ఇంకో పిసరు గెలుద్దామని బుద్ధి పుట్టింది. చిన్నదాని పనిలో ఒక్క తప్పయినా చూపించాలి. కళ్ళు ఆ రెండు కమ్మీల మీద పడ్డాయి. టేపు పెట్టక్కర్లేకుండానే తెలిసింది. అయినా పెట్టాను. ఎడమ కమ్మీ ఇరవై ఏడంగుళాల ఎత్తు. కుడిది ఇరవై ఆరు.

"ఇదిగో, చూశారా అత్తయ్యా!" అన్నాను. "అంత చదువుకుంది, అంత పెద్ద ఆసుపత్రి! ఒక కమ్మీ అంగుళం కిందికుంది. మా ఆయనా, ఈవిడా కలిసి చేసిన నిర్వాకం!"

"తప్పు కాదక్కా, కావాలనే పెట్టించాను" అంది చిన్నది. "మణికట్టు ఎత్తుకి కమ్మీ ఉండాలి, అప్పుడే పట్టుకుని నడవగలరు. ఆవిడ బాగా పొట్టి. పైగా ప్రెస్సు చక్రం తిప్పీ తిప్పీ కుడిభుజం ఒక అంగుళం దిగిపోయింది. రెండూ సమానంగా పెడితే పక్కకి ఒరిగిపోతుంది."

బాగా పొట్టి. కుడిభుజం ఒక అంగుళం దిగుడు.

నా కొలతల పుస్తకంలో వందల మంది ఉన్నారు. ఎర్ర పెన్సిలుతో "కుడిభుజం ఒక అంగుళం దిగుడు" అని రాసుకున్న పేజీ ఒక్కటే ఉంది. పైన పేరు కూడా లేదు. పేరడిగితే "ఏదో ఒకటి రాసుకోమ్మా" అని నవ్వేది. నేనే బొత్తాల పెద్దమ్మ అని రాసుకున్నాను. నాలుగేళ్ళుగా అదే బూడిదరంగు కోటు పట్టుకుని రెండు నెలలకోసారి మా కొట్టుకొచ్చేది, బొత్తాలు మార్చమని. బాగున్న బొత్తాలని ఎందుకు మారుస్తుందో నేనెప్పుడూ అడగలేదు. నా కొలతల పుస్తకం అట్ట ఊడిపోతే ఇంటికి పట్టుకెళ్ళి, నీలం గుడ్డ వేసి, కొత్తదానికన్నా గట్టిగా కట్టి తెచ్చింది కూడా ఆవిడే. ఈ మధ్య ఎనిమిది నెలలుగా రాకపోతే, ఊరు మారిందేమో అనుకున్నాను.

స్టూలు మీద కూర్చుని గంటలు గంటలు ఉండేది. "మీ అత్తగారు బాగున్నారా? ఏమంటున్నారు?" అని మెల్లగా అడిగేది. నేను చెప్పేదాన్ని. ముక్కూ మొహం తెలియని ముసలావిడ కదా, ఎక్కడికి పోతుందిలే అని కడుపులో ఉన్నదంతా కక్కేదాన్ని. మా అత్తయ్య నవ్వాలంటే మంచిరోజు చూసుకోవాలనీ, ఇంట్లో కూడా లైన్లో ఉండండి అన్నట్టే మాట్లాడుతుందనీ, చిన్నదాన్ని నెత్తిన పెట్టుకుని నన్ను కాళ్ళ దగ్గర పెట్టుకుందనీ. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! ఆఖరిసారి ఆవిడొచ్చిన రోజు ఇంట్లో ఏదో గొడవపడి వచ్చాను. ఏడుస్తూ, "మాటిచ్చింది కానీ పెద్దమ్మా, ఆవిడ పోతే గానీ ఆ సెల్లారు నా చేతికి రాదు. ఎప్పుడు పోతుందో ఏమో" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

ఆవిడ బొత్తాలు సంచీలో వేసుకుని, "ఆ సెల్లారు మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఆ ఇంట్లో నిలవరమ్మా" అని వెళ్ళిపోయింది. మా సెల్లారు గురించి ఈవిడకేం తెలుసు అని కూడా తోచలేదు నాకు.

"ఏమే, అలా పాలిపోయావేం?" అంది అత్తయ్య. "ఆకలేస్తోందా? లే, తిందాం. రేపు పదింటికి నువ్వు ఆసుపత్రికెళ్ళాలి."

"నేనా? నేనెందుకత్తయ్యా? మీరూ చిన్నదీ..."

"మొన్నటిదాకా రానంటే రానంది. నేను వెళ్తే మొహం గోడవైపు తిప్పుకుంది. నిన్న చిన్నదానితో వస్తానందట. ఒక్కటే షరతు పెట్టింది. పెద్దకోడలొచ్చి పిలిస్తేనే వస్తుందట." అత్తయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఆగింది. "'ఆ పిల్ల నాకు బాగా తెలుసు, దాని మనసులో ఉన్నదంతా తెలుసు' అందట. నాకు అర్థం కాలేదు. నువ్వావిణ్ణి ఎక్కడ చూశావే? ఏం చెప్పావు?"

చిన్నది చేట కింద పెట్టి నా వైపు చూసింది. అద్దంలో కూడా ఇద్దరూ నన్నే చూస్తున్నారు. కొరికిన పురికొస ముక్క ఇంకా నా పళ్ళ మధ్యే ఉంది. ఉమ్మలేకపోయాను, మింగలేకపోయాను.